సెయింట్ క్లెయిర్ స్మాల్‌మౌత్: జర్క్‌బైట్ వెనకే వస్తున్నాయి, కొట్టడం లేదు

ఓరుగల్లు_నోవై:

అందరికీ నమస్తే. మాది వరంగల్, ఉండేది డిట్రాయిట్ పక్కన నోవైలో. వడ్డేపల్లి చెరువు గట్టు మీద వెదురు కర్రకి బెండు కట్టి, వానపాము గుచ్చి కూర్చున్న బాపతు నేను. ఇక్కడికొచ్చాక చిన్న చిన్న లేక్‌లలో ప్లాస్టిక్ పురుగులతో లార్జ్‌మౌత్ బాస్ చేపలు పట్టడం వచ్చింది. ఈ ఏడాది కయాక్ (చిన్న తెడ్డు పడవ) కొని సెయింట్ క్లెయిర్ సరస్సు మీద స్మాల్‌మౌత్ బాస్ కోసం దిగాను. తల తిరిగిపోతోంది.

సరస్సు ఒడ్డునున్న మెట్రోపార్క్ ముందర, 8 నుంచి 10 అడుగుల లోతు. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున నాచు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో కూర్చున్న చోటినుంచే కనిపిస్తుంది. నీటి టెంపరేచర్ 50 ఫారెన్‌హీట్ దగ్గర. జర్క్‌బైట్ (కుదుపులతో లాగే, చిన్న చేప ఆకారపు ఎర) విసిరి లాగుతుంటే చేప వస్తుంది. ఒక్కోసారి రెండు కలిసి వస్తాయి. ఎరకి జానెడు వెనక ముక్కు పెట్టి కయాక్ దాకా నడిచొచ్చి, నన్ను ఓ చూపు చూసి, అడుగుకి పోతాయి. తోకతో కూడా తగలవు.

నా దగ్గరున్నవి: 7 అడుగుల మీడియం హెవీ (కాస్త బిరుసు) స్పిన్నింగ్ రాడ్, 20 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం), చివర స్నాప్ స్వివెల్ (ఎర తగిలించే, గిర్రున తిరిగే ఇనప కొక్కీ). ఎరలు రాపాలా ఎక్స్‌రాప్ 10, మెగాబాస్ విజన్ 110. ఫైర్ టైగర్ (పచ్చ, పసుపు, నారింజ కలిసిన కొట్టొచ్చే రంగు), గోబీ అనే చిన్న చేప రంగు, వెండి రంగు, గులాబీ అన్నీ ఉన్నాయి. ఇంకే రంగు కొనమంటారు?

గోదారి గాలం, ట్రాయ్:

బాబూ, ముందు ఆ రంగుల కొనుగోలు ఆపు. చేప కయాక్ దాకా వెంట వచ్చిందంటే రంగుతో దానికి పేచీ లేనట్టే. నీ దారం, ఆ దారంతో నువ్వు ఎరను నడిపే తీరు, పేచీ అక్కడుంది.

ఈ సరస్సు మొదటినుంచీ ఇంత తేటగా లేదు. జీబ్రా మసెల్ అని వేలిగోరంత ఆల్చిప్ప ఉంటుంది. 1988లో ఉత్తర అమెరికాలో అది మొదటిసారి బయటపడింది ఈ సెయింట్ క్లెయిర్‌లోనే. సముద్రం దాటి వచ్చిన ఓడలు బరువు కోసం నింపుకున్న నీళ్ళతో పాటు దిగింది. నీళ్ళలో తేలే పచ్చదనాన్ని అదే పనిగా వడకట్టి తింటుంది. దాంతో ఎండ అడుగుదాకా దిగింది, నాచు పెరిగింది. సరస్సు సగటు లోతు 11 అడుగులే. ఇక అడుగున కూర్చున్న చేపకి నీ ఎరతో పాటు నీ తెడ్డు, నీ టోపీ కూడా కనిపిస్తాయి. బురద నీళ్ళలో అయితే ఎర కళ్ళముందుకు వచ్చేసరికి కొట్టడమో మానడమో వెంటనే తేల్చుకోవాలి. ఇక్కడ దానికి బోలెడంత టైం. నువ్వు ఒకే వేగంతో లాక్కుంటూ పోతే చివరిదాకా చూస్తూ వస్తుంది. చివర ఏముంది? నువ్వున్నావు.

అందుకని అది నీకు దూరంగా ఉండగానే తేల్చుకునేలా చేయాలి. దూరంగా విసరాలి, విసిరిన దూరంలో మొదటి సగంలోనే పని జరగాలి. మిగతా సగంలో ఎర తొందరగా చుట్టేసి మళ్ళీ విసిరినా నేను ఏమీ అనుకోను.

ఆ స్నాప్ స్వివెల్ తీసి పారెయ్. విజన్ 110 అర ఔన్సు బరువు. నీళ్ళలో ఆపినప్పుడు పైకీ పోకుండా, కిందకీ పోకుండా నిలబడేలా లెక్క చూసి చేసిన ఎర అది. దాని ముక్కుకి ఇనప ముక్క వేలాడదీస్తే తల వేలేసి మునుగుతుంది. ముక్కుకి స్ప్లిట్ రింగ్ (తాళాల గుత్తికి ఉండేలాంటి చిన్న రింగు) ఉంటే దానికే ముడి వెయ్యి, లేకపోతే లూప్ ముడి వెయ్యి. గుండ్రటి చిన్న స్నాప్ అయినా ఫరవాలేదు. 20 పౌండ్ల బ్రెయిడ్ బదులు 10 పౌండ్లది ఎక్కించి, దానికి 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్ (నీళ్ళలో అంతగా కనబడని దారం) లీడర్, అంటే ఎరకి ముందుండే దారం ముక్క, కట్టు. లీడర్ కనీసం రెండు బారలుండాలి. రెండడుగుల ముక్క కట్టి ‘లీడర్ కట్టాను బాబాయ్’ అనేవాళ్ళని చాలామందిని చూశాను, ఈ నీళ్ళలో అది చాలదు. సన్న దారం ఇంకాస్త దూరం కూడా పోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. జర్క్ కొట్టేటప్పుడు దారం వదులుగా ఉండాలి. రాడ్ కొస నీళ్ళవైపు దించు. మణికట్టుతో చిన్న దెబ్బ వెయ్యి. కొస ఓ అడుగు కిందకి కదిలి, వెంటనే ఎర వైపు వెనక్కి వచ్చేయాలి. ఆ వెనక్కి రావడంలోనే ఉంది కిటుకంతా. దారం టక్కున బిగిసి మళ్ళీ జారిపోతుంది. బిగిసినప్పుడు ఎర పక్కకి తల విసురుతుంది, జారినప్పుడు అడ్డం వచ్చేవాడు లేక అలాగే ఓ పక్కకి జారిపోతుంది. రెండో దెబ్బకి రెండో పక్కకి. కొట్టి కొస అక్కడే పట్టుకున్నావనుకో, దారం బిగుతుగానే ఉండి ఎర ముక్కు నీవైపు తిప్పుకుని రెండడుగులు ముందుకొస్తుంది. నీ చేపలు వెంబడిస్తున్న ఎర అదే అని నా అనుమానం. రెండు గజాల దారం వదిలి కయాక్ పక్కనే కొట్టి చూసుకో. ఎర దాదాపు ఉన్నచోటే అటూ ఇటూ తిరుగుతూ పక్కల మెరుపు చూపించాలి. అది కుదిరేదాకా దూరం విసరకు. నీళ్ళు తేటగా ఉంటే మనకున్న లాభం ఇదొక్కటే, మన తప్పు మన కళ్ళకే కనిపిస్తుంది.

తర్వాత ఆపడం. రెండు దెబ్బలు, ఆపు. మూడు దెబ్బలు, ఆపు. మార్చి మార్చి కొట్టు. 45 డిగ్రీల నీళ్ళలో నేను పది దాకా లెక్కపెడతాను, పదిహేను దాకా పోయినా పోతాను. 50 దాటితే నాలుగైదు చాలు. 60కి వచ్చేసరికి ఆపీ ఆపనట్టు ఆపుతాను. ఆ ఆపిన కాసేపూ రీల్ ముట్టుకోకూడదు, కొస కదపకూడదు. స్టాండప్ మీటింగ్‌లో మ్యూట్ పెట్టుకున్నవాడిలా ఉండాలి.

ఆపినప్పుడు ఎర ఏం చేస్తోందో కూడా చూసుకో. కయాక్ పక్కన నీళ్ళలో నిలబెట్టు. కదలకుండా ఉన్నా, తల కాస్త వంచి మహా నెమ్మదిగా పైకి లేస్తున్నా మంచిదే. గబగబా లేస్తే పొట్ట మీద, ముందు కొక్కేనికి కాస్త ముందు, అంటించుకునే సీసం బిళ్ళ ఒకటి అంటించు. ఇంట్లో బాత్‌టబ్‌లో పరీక్ష చేసి వస్తే లాభం లేదు. వేడి నీళ్ళు పలచన, చల్లటి నీళ్ళు చిక్కన. టబ్‌లో మునిగిన ఎర సరస్సులో తేలుతుంది. కొక్కేల సైజు ఒక్క నంబరు మార్చినా లెక్క తప్పుతుంది.

చేప ఎరను కొట్టడం కూడా నువ్వనుకున్నట్టు ధన్‌మని తగలదు. చల్లటి నీళ్ళలో చేప పక్కగా వచ్చి నోరు తెరిచి ఎరను పీల్చుకుంటుంది. దారం వదులుగా ఉంది కాబట్టి చేతికి ఏమీ తెలియదు. దారం నీళ్ళలోకి దిగే చోటు మీదే కన్ను వేసి ఉంచు. అక్కడ దారం అంగుళం పక్కకి జరిగినా చేపే. తర్వాతి దెబ్బ వేసినప్పుడు నాచులో చిక్కినట్టు మెత్తగా, బరువుగా తగిలినా చేపే. అప్పుడు పైకి గుంజకు, రాడ్ పక్కకి సాగదీస్తూ రీల్ చుట్టు.

వెనకాల చేప కనబడగానే మనిషి సహజంగా చెయ్యి ఆపేస్తాడు. అది కూడా ఆగి, తీరిగ్గా చూసి వెళ్ళిపోతుంది. నేనైతే ఎదురు చేస్తాను. టకటకా నాలుగు దెబ్బలు, ఎర పారిపోతున్నట్టు, ఆ తర్వాతే ఆపుతాను. అప్పటికీ తిరిగిపోతే దానికి ఆ ఎర మళ్ళీ చూపించను. ఎటు పోయిందో చూసుకుని, అక్కడ గోబీ రంగు ట్యూబ్ (గొట్టంలాంటి మెత్తటి ప్లాస్టిక్ ఎర) అడుగుకి దింపుతాను. గోబీ రంగు అక్కడికే బాగుంటుంది. గోబీ చేపకి గాలితిత్తి ఉండదు, అడుగునే పాకుతూ బతుకుతుంది. సగం లోతులో ఈదుకుంటూ పోయే గోబీని స్మాల్‌మౌత్ ఎప్పుడూ చూసి ఉండదు. జర్క్‌బైట్ ఎమరాల్డ్ షైనర్ అనే చిన్న చేపలా కనిపిస్తే చాలు. లోపలికి కాంతి దూరే పారదర్శకమైన రంగు, వీపు ఆకుపచ్చో బూడిదో. ఆ ఫైర్ టైగర్ మబ్బు పట్టిన రోజుకి దాచుకో.

విండ్సర్ వదిన:

బాబాయ్ గారు పడవ మీద నిలబడి వేసే మనిషి, అందుకని కయాక్ కష్టాలు ఆయనకి తట్టలేదు. తమ్ముడూ, నేను చెప్తా విను.

కయాక్‌ని గాలి ఊరికే ఉండనివ్వదు. గాలికి ఎదురుగా విసిరావనుకో, ఎర అటు ఉంటుంది, గాలి నిన్ను ఇటు తోస్తుంది. నువ్వు చెయ్యి కదపకుండా పది లెక్కపెడుతున్నా ఎర మాత్రం నీ వెనకే ఈడ్చుకుంటూ వస్తుంది. నువ్వు ఆపాననుకుంటావు, అది ఆగి ఉండదు. గాలి వీపుకి తగిలేలా కూర్చుని, గాలి పోయే వైపే విసురు. దూరం పోతుంది, కయాక్ ఎర వైపు జరుగుతుంది కాబట్టి దారం దానంతట అదే వదులవుతుంది. మరీ ఎక్కువైన దారం చుట్టుకుంటూ ఉంటే సరిపోతుంది. గాలి గట్టిగా ఉంటే డ్రిఫ్ట్ సాక్ (నీళ్ళు నిండి పడవ జోరు తగ్గించే గుడ్డ సంచి) వేలాడదియ్యి.

ఇంకో మాట. నువ్వు చెప్పిన రోజు నీటి మీద అల లేదేమో అనిపిస్తోంది, అడుగున నాచు అంత స్పష్టంగా కనబడిందంటున్నావు కదా. గాలి లేని ఎండ రోజు నేను జర్క్‌బైట్ డబ్బా తెరవను. నీటి మీద చిన్న అల ఉంటే చేపకి నీ ఆకారం చెదిరిపోతుంది, ఎర పక్కల తళుకు తునకలు తునకలుగా పడుతుంది. అలాంటప్పుడు అది అంత తీరిగ్గా పరిశీలించలేదు. అల లేకపోతే తెల్లవారుజామున ఓ గంట వేసుకో, లేదా లక్కీ క్రాఫ్ట్ పాయింటర్ 78 లాంటి చిన్నదానికి దిగు. పొద్దెక్కాక ట్యూబే గతి.

రంగు విషయంలో బాబాయ్ గారితో నాకు ఎప్పుడూ తగువే. మబ్బు రోజున పారదర్శకమైన ఎర నీళ్ళలో కలిసిపోతుంది, చేప దాన్ని చూడనే చూడదు. పాల తెలుపు ఎర ఒకటి పెట్టుకుని వెళ్ళు. ఫైర్ టైగర్‌ని మాత్రం నేను ఏ రోజుకీ దాచను.

7 అడుగుల రాడ్ కూర్చుని కిందకి కొడితే కొస నీళ్ళలో కొట్టుకుంటుంది. ఆరున్నర అడుగులది వాడు. పోలరైజ్డ్ కళ్ళజోడు లేకుండా వెళ్ళకు. లైఫ్ జాకెట్ సీటు వెనక పెట్టుకోవడం కాదు, ఒంటి మీద ఉండాలి. 50 డిగ్రీల నీళ్ళలో పడితే నిమిషాల్లో చేతులు కొయ్యబారతాయి, ఈత వచ్చినా ఒకటే. కెనడాలో మా ఒంటారియో వైపు గాలికి కొట్టుకొచ్చి గాలం వేస్తే ఒంటారియో లైసెన్స్ కావాలి, సీజన్ రూల్స్ కూడా ఇక్కడివే లెక్క. సరిహద్దు నీటి మీద కనబడదు, ఫోన్‌లో మ్యాప్ తెరిచి పెట్టుకో.

పులుసు_ప్రియుడు, హైదరాబాద్:

క్షమించాలి, ఒక డౌట్. ఇంత తపస్సు చేసి పట్టి, వదిలేస్తారా ఏంటి? మా దగ్గర కొర్రమీను పడితే ఇంటికి ఫోన్ వెళ్ళిపోతుంది, చింతపండు నానబెట్టమని.

గోదారి గాలం, ట్రాయ్:

వదిలేస్తాం నాయనా. మిషిగన్‌లో బాస్ పట్టి అక్కడికక్కడే వదలడానికి ఏడాది పొడుగునా అనుమతి ఉంది. ఉంచుకోవాలంటే సెయింట్ క్లెయిర్‌లో జూన్ మూడో శనివారం దాకా ఆగాలి. అప్పుడైనా 14 అంగుళాలకి తక్కువది ముట్టుకోకూడదు, రోజుకి అయిదే, లార్జ్‌మౌత్ స్మాల్‌మౌత్ రెండూ కలిపి. వెళ్ళేముందు స్టేట్ వాళ్ళ గైడ్‌లో ఆ ఏటి రూల్స్ చూసుకోవాలి.

ఆ గడువు ఊరికే పెట్టలేదు. నీళ్ళు 60 దాటుతుంటే ఇవి గులకరాళ్ళ మీద గుడ్లు పెడతాయి. ఆడది వెళ్ళిపోతుంది, మగది గూడు దగ్గర కాపలా. ఆ మగదాన్ని నువ్వు లాగేస్తే చుట్టూ కాచుకున్న గోబీలు గుడ్ల మీద పడతాయి. అందుకే గూళ్ళ మీద చేపలు కనిపించే రోజుల్లో నేను ఆ లోతుల్లో గాలం వెయ్యను. రూల్ వెయ్యనిస్తుంది, నాకే మనసొప్పదు.

తినడానికైతే వేపుడుకి ఎల్లో పెర్చ్, పులుసుకి వాల్‌ఐ, రెండూ ఈ నీళ్ళలోనే ఉన్నాయి. బాస్ తినాలనుకునేవాళ్ళు స్టేట్ హెల్త్ డిపార్ట్‌మెంట్ వాళ్ళ ఈట్ సేఫ్ ఫిష్ గైడ్ చూసుకోండి. పెద్ద చేపలో పాదరసం ఎక్కువ పోగవుతుంది, ఏ చేప నెలకి ఎన్నిసార్లు తినొచ్చో అందులో రాసి ఉంటుంది. ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళు, చిన్నపిల్లలు ఉంటే తప్పకుండా చూడాలి.

ఓరుగల్లు_నోవై:

బాబాయ్ గారూ, వదినా, శనివారం పోయొచ్చిన. స్వివెల్ తీసేసి, రెండు బారల లీడర్ కట్టిన. గాలి వీపుకి పెట్టుకుని విసిరితే ఎర ఇదివరకు ఎప్పుడూ పోనంత దూరం పోయింది. మొదటి చేప మీరు చెప్పినట్టే తగిలింది, నాచు అనుకుని ఎర ఊడబెరకబోయేలోపు ఆ నాచు పక్కకి ఈదడం మొదలుపెట్టింది. ఫొటో తీసి వదిలేశాను. గోధుమ రంగు ఒళ్ళు, నిలువు చారలు, కంటి చుట్టూ ఎరుపు. చూస్తూ కూర్చోవచ్చు అలాగే.

ఇంకా రెండు అడ్డంకులున్నాయి. ఒకటి, తగిలినవి తగిలినట్టే గాల్లోకి ఎగిరి ఊడిపోతున్నాయి. రాడ్ ఇంకా పాతదే. రెండోది, ఒకసారి ఎర ఆపి లెక్కపెడుతుంటే ఏ కుదుపూ లేకుండా దారం తేలికైపోయింది. చుట్టి చూస్తే చివర కత్తితో కోసినట్టుంది. విజన్ 110 పోయింది. అది కొని నెల కూడా కాలేదు. స్టీల్ లీడర్ కట్టాలా?

గోదారి గాలం, ట్రాయ్:

ఎగిరి ఊడిపోవడానికి కారణం ఆ మీడియం హెవీ రాడే. జర్క్‌బైట్ కొక్కేలు సన్నవి, చిన్నవి. చాలాసార్లు నోటి లోపల కాకుండా పెదవి అంచునో, దవడ బయటో తగులుకుంటాయి. బిరుసు రాడ్‌తో లాగితే తగిలిన చోట చీరుకుపోతుంది. సగందాకా వంగే మీడియం రాడ్ తీసుకో. కొత్తది కొనేదాకా డ్రాగ్ (రీల్‌లో దారాన్ని బిగించే పట్టు) వదులు చెయ్యి, చేప లాగితే దారం ఇవ్వాలి. దారం నీళ్ళలోంచి పైకి లేస్తున్నట్టు కనబడితే అది ఎగరబోతోందని లెక్క. వెంటనే రాడ్ కొస నీళ్ళలో ముంచి పక్కకి లాగు. అన్నీ ఆగవు, కొన్ని ఆగుతాయి. కొక్కెం మొనని గోటి మీద ఆనించి చూడు, జారితే అది మొద్దుబారినట్టు, మార్చెయ్యి.

కయాక్‌లో ఒళ్ళోకి తీసుకునేటప్పుడు జాగ్రత్త. కొన్ని ఎరలకి మూడు కొక్కేలు, ఒక్కోదానికి మూడు మొనలు. చేప నోట్లో ఒకటి ఉంటే మిగతావి నీ అరచెయ్యి కోసం చూస్తుంటాయి. రబ్బరు వల వాడు, చేపని నీళ్ళలోనే వలలో ఉంచి పొడుగు ముక్కు పట్టకారుతో తీసెయ్యి. కొక్కేల మొన పక్కనుండే ముళ్ళు నొక్కేసి వేసినా చేపలు పెద్దగా పోవు, నాకైతే పోలేదు.

నీ విజన్‌ని తీసుకెళ్ళింది మస్కీ అయ్యుంటుంది, పైక్ అయినా కావచ్చు, రెండూ పదును పళ్ళున్న పొడుగాటి వేట చేపలు. మస్కీలకి ఈ సరస్సు పెట్టింది పేరు. 8 పౌండ్ల ఫ్లోరో వాటి పళ్ళకి ఆనదు. స్టీల్ కడితే ఎర ముక్కు బరువెక్కి మళ్ళీ స్వివెల్ కథే మొదలవుతుంది, పైగా స్మాల్‌మౌత్ దగ్గరికి రాదు. నేను కట్టను. తెగితే తెగిందని ఊరుకుంటాను. ప్రతి చేప తర్వాత చివరి రెండడుగుల దారం వేళ్ళ మధ్య జరిపి చూసుకో, గరుకు తగిలితే కోసేసి మళ్ళీ ముడి వెయ్యి. అలా చూసుకోకే సగం ఎరలు పోతాయి. పొడుగాటి నీడలేమైనా ఎర వెంట తిరుగుతున్నట్టు కనిపిస్తే మాత్రం పాతిక డాలర్ల విజన్ డబ్బాలో పెట్టేసి ఎక్స్‌రాప్ కట్టుకో, అది సగం ధరే.

విండ్సర్ వదిన:

కంగ్రాట్స్ తమ్ముడూ. ఫొటో ఏది మరి, ఇక్కడ పెట్టలేదే? ఇంకో సంగతి, ఇంటికెళ్ళాక కయాక్‌లో మిగిలిన నీళ్ళు పూర్తిగా వంపేసి, నాచు ముక్కలు దులిపి, బాగా ఆరనిచ్చాకే నీ చిన్న లేక్‌లలో దించు. ఈ మసెల్స్ పిల్లలు కంటికి కనబడవు, నీళ్ళ చుక్కలోనే ప్రయాణం చేస్తాయి.